ఏసీ ప్లాంటుకు కంట్రోల్ సిస్టమ్ డిజైన్: మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది విజయనగరంలో. పని మాత్రం ఎక్కువగా హైవే పొడవునా ఉంటుంది: భోగాపురం, పైడిభీమవరం, రణస్థలం, శ్రీకాకుళం, టెక్కలి, పలాస. ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు, మందుల కంపెనీలు, అప్పుడప్పుడు ఒక కాలేజీ ఆడిటోరియం. ఫోన్ చేసేవాళ్లు వేరువేరు అయినా అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

కంట్రోల్ సిస్టమ్ అంటే గోడ మీద ఉండే థర్మోస్టాటేనా?

అది అందులో ఒక ముక్క. పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిని ఊహించుకోండి. కన్ను పాలను చూస్తుంది, బుర్ర పొంగుతుందా లేదా అని లెక్క వేస్తుంది, చేయి పొయ్యి మంట తగ్గిస్తుంది. మా భాషలో కన్ను సెన్సార్, బుర్ర కంట్రోలర్, చేయి యాక్చువేటర్. ఏసీ ప్లాంటులో ఆ చేయి ఒక వాల్వ్‌ని తిప్పే మోటారు కావచ్చు, గాలి తలుపును తెరిచే మోటారు కావచ్చు, ఫ్యాన్ వేగం మార్చే డ్రైవ్ కావచ్చు. మా భాషలో ఆ గాలి తలుపు పేరు డ్యాంపర్.

మంట తగ్గించాక కూడా పాలు కొంతసేపు పొంగుతూనే ఉంటాయి కదా. గది కూడా అంతే. ఇప్పుడు వాల్వ్ తెరిస్తే చల్లదనం సెన్సార్ దాకా చేరడానికి నిమిషాలు పడుతుంది. ఈ ఆలస్యం లేకపోతే మా పనిలో సగం ఉండేదే కాదు.

మా ఇంట్లో రెండు స్ప్లిట్ ఏసీలున్నాయి. ఇవన్నీ కావాలా?

అక్కర్లేదు. అందులోనే చిన్న కంట్రోలర్ ఉంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉంది, అక్కడే ఉంచుకోండి. 16 పెడితే త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. పాత ఆన్–ఆఫ్ ఏసీకి 16 పెట్టినా 24 పెట్టినా కంప్రెసర్ తిరిగే జోరు ఒకటే, ఆగే చోటు మాత్రమే మారుతుంది.

ప్లాంటు పెద్దది. డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఏ కంపెనీ ప్యానెల్ కొనాలి?

ప్యానెల్ అంటే కంట్రోలర్, స్విచ్‌లు ఉండే పెట్టె. దాన్ని చివర కొనండి. ముందు తెల్ల కాగితం తీసుకుని, ఏ సమయంలో ఏది జరగాలో మామూలు తెలుగులో రాయండి. దీన్నే సీక్వెన్స్ ఆఫ్ ఆపరేషన్ అంటారు. నేను ఏ పనికి వెళ్లినా అడిగే మొదటి కాగితం ఇదే, పదికి ఎనిమిది చోట్ల ఉండదు.

ఎలా రాయాలంటే ఇలా: "ఉదయం 7 గంటలకు ఫ్యాన్ ఆన్ అవ్వాలి. గాలి నిజంగా కదులుతోందని ప్రెజర్ స్విచ్ చెప్పాకే చల్లని నీళ్ల వాల్వ్ తెరుచుకోవాలి. 30 సెకన్లలో గాలి రాకపోతే ఫ్యాన్ ఆపి అలారం కొట్టాలి. గది 24 దాటితే వాల్వ్ మెల్లగా తెరవాలి. తేమ 60 శాతం దాటితే గది చల్లగా ఉన్నా వాల్వ్ తెరవాలి, అప్పుడు గది మరీ చల్లబడితే హీటర్ కలపాలి. ఫైర్ అలారం వస్తే అన్నీ ఆగాలి. కరెంటు పోయి వస్తే…"

ఈ చివరి వాక్యం దగ్గర అందరూ ఆగిపోతారు. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

ఇలా రాశాక ఒక్కో వాక్యం కింద గీత గీసుకుంటూ పోతే ఎన్ని సెన్సార్లు, ఎన్ని స్విచ్‌లు, ఎన్ని అవుట్‌పుట్లు కావాలో వాటంతట అవే తేలతాయి. అదే పాయింట్స్ లిస్టు. దానికి ఐదో వంతు ఖాళీ కలిపి, అప్పుడు కంట్రోలర్ చూసుకోవాలి. ఇంగ్లిష్‌లోనే రాయాలన్న నియమం ఏమీ లేదు. రాత్రి డ్యూటీలో ఉండే ఆపరేటర్‌కు అర్థమవ్వాలి, అంతే. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రికి పూర్తిగా తెలుగులో రాసిచ్చాను. తర్వాత ఏడాది పాటు అక్కడి నుంచి అర్ధరాత్రి ఫోన్లు రాలేదు.

ఏసీ తిరుగుతోంది, మీటర్ మీద 24 చూపిస్తోంది, అయినా ఉక్కపోత. ఎందుకు?

రణస్థలం దగ్గర ఒక పెద్దాయన ఇదే మాట తన పద్ధతిలో అన్నారు: "సల్లగానే ఉంది బాబూ, కానీ ఉక్క పోనేదు." అంతకన్నా సరిగ్గా ఏ ఇంజినీరూ చెప్పలేడు.

మన తీరంలో అసలు శత్రువు వేడి కాదు, చెమ్మ. ఆగస్టులో బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు తీసుకోండి. ఒక కిలో గాలిలో దాదాపు 21.6 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మనకు హాయిగా ఉండే 24 డిగ్రీలు, 55 శాతం గాలిలో ఉండేది 10 గ్రాముల చిల్లర. మిగిలిన 11 గ్రాములు కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద నీళ్లుగా మారి కాలువలోకి పోవాలి. గంటకు 1,000 ఘనపు మీటర్ల బయటి గాలి తెచ్చుకుంటే గంటకు దాదాపు 13 లీటర్ల నీళ్లు. అంటే పెద్ద బిందె నిండా.

ఇప్పుడు థర్మోస్టాట్ ఏం చేస్తుంది? దానికి చెమ్మ కనపడదు. 24 రాగానే "నా పని అయిపోయింది" అని కంప్రెసర్ ఆపేస్తుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. కాయిల్ మీద అంటుకున్న నీళ్లు ఆ గాలికి ఆరి మళ్లీ గదిలోకే వస్తాయి. మీరు డబ్బు పెట్టి పిండిన చెమ్మను మీరే తిరిగి పీలుస్తున్నారు.

కంట్రోల్ వైపు నుంచి దీనికి మూడు నాలుగు మందులున్నాయి. కంప్రెసర్ ఆగినప్పుడు ఫ్యాన్ కూడా ఆగేలా లేదా బాగా నెమ్మదించేలా పెట్టడం మొదటిది, దీనికి ఖర్చు లేదు. గదిలో తేమ సెన్సార్ పెట్టి, వేడి కోసం కాకపోయినా తేమ కోసం చల్లని నీళ్ల వాల్వ్ తెరిపించడం రెండోది. అలా చేస్తే గది గడ్డకడుతుంది కాబట్టి చివర్లో కొంచెం వేడి కలపాలి, దాన్ని రీహీట్ అంటారు. చల్లబరిచి మళ్లీ వేడి చేయడం పిచ్చి పనిలా కనిపిస్తుంది. కరెంటు బిల్లు చూస్తే నిజంగా పిచ్చి పనే, అందుకే కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం) నుంచి వృథాగా పోయే వేడిని ఇక్కడికి తిప్పగలిగితే తిప్పుతాం.

నాకు బాగా నచ్చింది వేరే మార్గం: బయటి గాలిని విడిగా ఒక యూనిట్‌లో ముందే ఆరబెట్టి లోపలికి పంపడం. 24 డిగ్రీల, 55 శాతం గాలికి మంచు బిందువు (ఆవిరి నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 14 డిగ్రీల చిల్లర. అంటే ఆ యూనిట్ నుంచి వచ్చే గాలి మంచు బిందువును 12, 13 దగ్గర పట్టి ఉంచితే, లోపలి మనుషుల చెమటను కూడా అదే మోస్తుంది. గదుల్లో ఉన్న మామూలు యూనిట్లకు వేడి చూసుకోవడం ఒక్కటే పని. రెండు పనులు విడదీస్తే కంట్రోల్ సగం సులువవుతుంది.

ఎందుకైనా మంచిదని టన్నేజీ ఎక్కువ పెట్టుకుంటే తప్పేంటి?

పై సమస్యకు సగం కారణం అదే. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, మన కొలతలో 3.517 కిలోవాట్లు. మీ హాలుకు 20 టన్నులు చాలు అనుకుందాం. ఎవరో 30 పెట్టారు. అది ఐదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, చెమ్మ పిండేంత సేపు కాయిల్ చల్లగా ఉండదు. మళ్లీ కాసేపటికి లేస్తుంది. ఇలా లేస్తూ ఆగుతూ ఉండటం వల్ల కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా అతిగా కొన్న యంత్రాన్ని చిన్నది చేయలేదు. 30 టన్నులు కావాల్సిందే అంటే ఒక్కటిగా కాకుండా 10, 10, 10గా తీసుకోండి, అవసరాన్ని బట్టి ఒక్కోటి లేపుతాం.

ఆన్–ఆఫ్ చాలదా? పీఐడీ అని భయపెడతారేంటి?

చిన్న గదికి ఆన్–ఆఫ్ చాలు. 24కి పెడితే 25 దగ్గర లేచి 23 దగ్గర ఆగేలా మధ్యలో కొంత జాగా ఇవ్వాలి, కంప్రెసర్ ఆగాక కనీసం 3 నిమిషాలు లేవకుండా టైమర్ పెట్టాలి.

నీళ్ల వాల్వ్, ఫ్యాన్ డ్రైవ్ లాంటివి కొంచెం కొంచెంగా తెరవగలిగేవి. అక్కడ పీఐడీ అనే లెక్క పద్ధతి పనికొస్తుంది. పాల దగ్గరికే వద్దాం. పాలు ఎంత పైకి వచ్చాయో చూసి అంత మేరకు మంట తగ్గించడం పీ. ఎంతసేపటి నుంచి అనుకున్న చోటుకు రావడం లేదో గుర్తుంచుకుని ఇంకాస్త తిప్పడం ఐ. ఎంత వేగంగా పైకి లేస్తున్నాయో చూసి ముందే చేయి వేయడం డీ. చేయి తిరిగిన ఇల్లాలు మూడూ తెలియకుండానే చేస్తుంది.

1942లో జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు ఈ మూడు అంకెలు ఎలా ఎంచుకోవాలో పద్ధతి రాశారు, ఇప్పటికీ కాలేజీల్లో చెబుతారు. ఏసీ గదులకు దాన్ని ఉన్నదున్నట్టు వాడితే వాల్వ్ మరీ దూకుడుగా ఆడుతుంది. నేను చేసేది ఇది: డీ సున్నా. ఐ కూడా సున్నా పెట్టి పీ మెల్లగా పెంచుతాను. వాల్వ్ ఊగడం మొదలవగానే సగానికి తగ్గిస్తాను. తర్వాత ఐ కొద్దిగా కలుపుతాను. ప్రతి మార్పుకీ మధ్య కనీసం పావుగంట ఆగుతాను, ఇక్కడే కుర్రాళ్లకు ఓపిక ఉండదు.

ఒక ఉచ్చు ఉంది. రాత్రి ప్లాంటు ఆపేసినప్పుడు ఐ మాత్రం లెక్క పెట్టుకుంటూనే ఉంటే, గది వేడిగా ఉందని రాత్రంతా కోపం పెంచుకుని ఉదయం వాల్వ్‌ను పూర్తిగా తెరిచి గంటసేపు వదలదు. అందుకని ఫ్యాన్ ఆగితే ఐ కూడా సున్నా కావాలని ప్రోగ్రామ్‌లో రాయాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరగాలి?

మన రెండు జిల్లాల్లో దీన్ని ఆలోచించకుండా చేసిన డిజైన్ డిజైనే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తితిలీ. ఆ రోజుల్లో స్తంభాలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తుపానులు పక్కన పెట్టినా, ఈదురుగాలి వచ్చిన ప్రతి సాయంత్రం సరఫరా పోతూ వస్తూ ఉంటుంది.

కరెంటు వచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తే ఏమవుతుంది? నేరుగా స్టార్టయ్యే మోటారు మొదటి సెకన్లలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగు కంప్రెసర్లు కలిసి లాగితే జనరేటర్ ఆగిపోతుంది, లేదా బ్రేకర్ పడిపోతుంది. ఆపరేటర్ మళ్లీ లేపుతాడు, మళ్లీ పడుతుంది. నా లెక్క ప్రకారం వరుస ఇలా ఉండాలి: సరఫరా వచ్చాక ఒక నిమిషం ఊరికే వేచి చూడటం, వోల్టేజ్ నిలకడగా ఉందో లేదో తెలియడానికి. తర్వాత ఫ్యాన్లు, ఒక్కోదానికి పది సెకన్ల తేడా. తర్వాత నీళ్ల పంపులు. నీళ్లు ప్రవహిస్తున్నాయని ఫ్లో స్విచ్ చెప్పాక మొదటి కంప్రెసర్. రెండో కంప్రెసర్‌కు కనీసం రెండు మూడు నిమిషాలు ఆగాలి.

జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు వేరే జాబితా ఉండాలి. ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్, ఐసీయూ ముందు, ఓపీ హాలు తర్వాత. జనరేటర్ మీద ఉన్నామన్న సంకేతం ఒక్క వైరుతో కంట్రోలర్‌కు అందుతుంది. ఆ వైరు లాగడం చాలామంది మరచిపోతారు.

ఇంకొకటి ఉంది. లైను మీద మరమ్మతు జరిగాక మూడు ఫేజ్‌ల వరుస మారి రావచ్చు. స్క్రోల్ కంప్రెసర్ అప్పుడు వెనక్కి తిరుగుతుంది. పెద్ద శబ్దం, చల్లదనం సున్నా, కాసేపట్లో కంప్రెసర్ పోతుంది. ఫేజ్ సీక్వెన్స్ రిలే దీన్ని అడ్డుకుంటుంది. తితిలీ తర్వాత నేను చూసిన చెడిపోయిన యంత్రాల్లో, ఆ చిన్న రిలే లేక పోయినవి మూడు. ఒక ఫేజ్ పోయినా అదే రిలే ఆపుతుంది.

సెన్సార్ ఎక్కడ పెట్టాలి?

మనుషులు ఉండే చోట, మనిషి ఛాతీ ఎత్తున, ఎండ పడని గోడ మీద. ఇది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. ఒక ఫంక్షన్ హాల్లో సెన్సార్ వంటగది తలుపు పక్కన ఉంది. వడ్డన మొదలవగానే ఆవిరి అంతా దాని మీదికి. పెళ్లి పీటల దగ్గర జనం వణుకుతుంటే కంట్రోలర్ మాత్రం ఇంకా చల్లబరుస్తోంది. సెన్సార్‌ను 12 మీటర్లు జరిపాం, ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

వైరు పొడవు గురించి కూడా చూసుకోవాలి. పీటీ100 అనే సెన్సార్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, ప్రతి డిగ్రీకి 0.385 ఓమ్‌లు పెరుగుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో రెండు వైర్ల కనెక్షన్ 50 మీటర్లు లాగితే, రానూపోనూ వైరు నిరోధమే 1.75 ఓమ్‌లు. కంట్రోలర్ దాన్ని నాలుగున్నర డిగ్రీల వేడి అనుకుంటుంది. పీటీ1000 వాడితే ఆ తప్పు అర డిగ్రీకి దిగుతుంది, లేదా మూడు వైర్ల కనెక్షన్ ఇస్తే తప్పు దాదాపు పోతుంది. సెన్సార్ వైరును మోటారు కేబుల్‌తో ఒకే పైపులో లాగొద్దు.

తేమ సెన్సార్లను ఏడాదికోసారి సరిచూడండి. వాటికి వయసు పడుతుంది.

సెన్సార్ పంపే సంకేతం 4–20 మిల్లీఆంపియర్లు అంటారు. సున్నా నుంచి ఎందుకు కాదు?

వైరు తెగితే తెలియడానికి. సున్నా వచ్చిందంటే అది కొలత కాదు, వైరు పోయింది.

భావనపాడు వైపు, కళింగపట్నం వైపు సముద్రం దగ్గర ఉంటే?

ఉప్పుగాలి ముందు కండెన్సర్ రెక్కలను తింటుంది, తర్వాత మీ టెర్మినళ్లను. పూత వేసిన కాయిల్ అడగండి. ప్యానెల్ బయట పెట్టాల్సి వస్తే కనీసం ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ములు దూరని) పెట్టె, స్టెయిన్‌లెస్ లేదా ఫైబర్‌ది, లగ్గులు (వైరు కొసల బిగింపులు) తగరం పూసినవి. లోపల చిన్న హీటర్ ఒకటి ఉంచితే రాత్రి చెమ్మ పట్టదు.

కేబుల్ దూరే రంధ్రాలకు గ్లాండ్లు బిగించండి. బల్లుల కోసం చెబుతున్నాను. నవ్వులాట కాదు, మూడు ఫేజ్‌ల మధ్య ఒక బల్లి పడుకుంటే ఆ రాత్రికి ప్లాంటు కూడా పడుకుంటుంది. చీమలు కాంటాక్టర్ల మధ్య గూడు కట్టిన ప్యానెల్ కూడా చూశాను.

ఆపరేషన్ థియేటర్‌కు స్ప్లిట్ ఏసీ పెడితే ఏం?

స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలి తేదు, సరైన ఫిల్టర్ ఉండదు, గదిలో ఒత్తిడి పెంచలేదు. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే రాసిన 170 అనే ప్రమాణం థియేటర్‌కు చెప్పేది: గంటకు 20 సార్లు గది గాలి మారాలి, అందులో 4 సార్లకు సరిపడా బయటి గాలి. ఉష్ణోగ్రత 20 నుంచి 24, తేమ 20 నుంచి 60 శాతం, పక్క గది కన్నా కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఒత్తిడి.

ఆరు మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న థియేటర్ అంటే 108 ఘనపు మీటర్లు. గంటకు 2,160 ఘనపు మీటర్ల గాలి, అందులో 432 బయటిది. పైన బిందె లెక్క గుర్తుందా? ఆగస్టులో ఈ ఒక్క థియేటర్ కోసమే గంటకు ఐదున్నర లీటర్ల దాకా చెమ్మ పిండాలి.

కంట్రోల్ డిజైన్‌లో ఇక్కడ నేను పట్టుబట్టేవి: ఫిల్టర్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా చూసే మీటర్. ఫిల్టర్ మూసుకుపోతుంటే ఫ్యాన్ వేగం తనంతట తానే పెరిగి గాలి పరిమాణం నిలబడాలి. సర్జన్‌కు అందేలా గోడ మీద ఉష్ణోగ్రత మార్చే బటన్, రెండు మూడు డిగ్రీల పరిధిలోనే. రాత్రి థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు గాలి మార్పులు తగ్గించవచ్చు, ఒత్తిడి మాత్రం తగ్గకూడదు. తలుపు బయట ఆ ఒత్తిడి చూపించే చిన్న డిస్‌ప్లే పెడితే నర్సులే మా కన్నా ముందు తేడా పట్టేస్తారు.

పైడిభీమవరం మందుల కంపెనీల్లో పని వస్తే ఏది కష్టం?

ఒత్తిడి మెట్లు. ఒక శుభ్రత స్థాయి గది నుంచి ఇంకో స్థాయి గదికి మధ్య 10 నుంచి 15 పాస్కల్ తేడా నిలపాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తేడా పడిపోతుంది. కంట్రోలర్ కంగారు పడి డ్యాంపర్‌ను పూర్తిగా తిప్పేస్తే, తలుపు మూసుకున్నాక గది అటు ఇటు ఊగుతుంది. తలుపు తెరిచినంత సేపు డ్యాంపర్‌ను ఉన్నచోటే ఆపి, మూసిన కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ లెక్క మొదలుపెట్టించాలి. పొడి ఎగిరే గదుల్లో మెట్లు తలకిందులు, అక్కడి గాలి బయటికి రాకూడదు. అక్కడ ప్రతి మార్పునూ కాగితం మీద పెట్టాలి. ఈ అలవాటు మిగతా చోట్ల కూడా ఉంటే ఎంత బాగుండేదో.

ఫంక్షన్ హాలు. ముహూర్తం రాత్రి 2 గంటలకు. ఎలా నడపాలి?

కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు 100 వాట్ల వేడి వదులుతారు. 500 మంది అంటే 50 కిలోవాట్లు, అంటే 14 టన్నులు మనుషుల కోసమే. భోజనాలప్పుడు అంతా కింది హాలుకు వెళ్తారు, పైది ఖాళీ. రాత్రి 11 తర్వాత సగం మంది వెళ్లిపోతారు, ముహూర్తానికి దగ్గరి బంధువులే మిగులుతారు. టైమర్‌తో ఇది పట్టుకోలేం. కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ పెట్టండి. బయట గాలిలో అది 420 పీపీఎం దగ్గర ఉంటుంది. లోపల 1,000 దాటుతుంటే బయటి గాలి డ్యాంపర్ తెరుచుకోవాలి, తగ్గితే మూసుకోవాలి. జనం లేనప్పుడు చెమ్మగాలి తేవడం ఆగుతుంది, బిల్లు అక్కడే తగ్గుతుంది. జనం రావడానికి గంట ముందే హాలును 22కి చల్లబరిచి పెట్టుకుంటే అసలు రద్దీలో ప్లాంటుకు ఊపిరి ఆడుతుంది.

ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్) పెడితే నిజంగా ఆదా అవుతుందా?

అవుతుంది. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగానికి ఘనం లెక్కన మారుతుంది. వేగం 80 శాతానికి దించితే పవర్ 51 శాతానికి దిగుతుంది. సగం వేగానికి ఎనిమిదో వంతు. చల్లని నీళ్లకు బదులు నేరుగా గ్యాస్ కాయిల్ ఉన్న యూనిట్లలో మరీ తగ్గిస్తే కాయిల్ మీద ఐసు కడుతుంది, కాబట్టి కింది హద్దు పెట్టాలి.

కంట్రోల్ వాల్వ్ పైపు సైజుకే తీసుకోవాలా?

కాదు, సాధారణంగా పైపు కన్నా చిన్నది వస్తుంది. పైపు సైజుకు కొంటే పది శాతం తెరవగానే నీళ్లన్నీ పోతాయి, మిగతా తొంభై శాతం అలంకారమే. తర్వాత పీఐడీ బాగోలేదని నన్ను పిలుస్తారు.

మోడ్‌బస్సా, బ్యాక్‌నెట్టా?

ఒక ప్యానెల్, నాలుగు డ్రైవ్‌లు, ఒక మీటర్ అయితే మోడ్‌బస్ చాలు. యంత్రాలు మాట్లాడుకోవడానికి 1979లో పుట్టిన పాతకాలపు భాష అది, ప్రతి యంత్రానికీ వచ్చు. భవనం మొత్తం వేరువేరు కంపెనీల కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే బ్యాక్‌నెట్. ఏది తీసుకున్నా టెండర్‌లోనే రాయండి.

మొబైల్‌లో చూసుకోవచ్చా?

చూసుకోండి. కానీ నెట్ పోతే ప్లాంటు ఆగే ఏర్పాటు ఎవరైనా చేస్తే ఒప్పుకోకండి. నిర్ణయాలన్నీ అక్కడి ప్యానెల్‌లోనే జరగాలి.

ఫైర్ అలారం సంగతి?

ఇది ప్రోగ్రామ్‌కు వదలొద్దు. ఫైర్ ప్యానెల్ నుంచి నేరుగా వైరు వచ్చి ఫ్యాన్ స్టార్టర్‌ను ఆపాలి, ఫైర్ డ్యాంపర్లు మూసుకోవాలి. కంట్రోలర్ పాడైనా ఇది జరగాలి. హీటర్ ఉన్నచోట కూడా అంతే: గాలి లేకపోతే హీటర్‌కు కరెంటే వెళ్లకూడదు, అధిక వేడి కటౌట్ విడిగా ఉండాలి.

అసలు మన దగ్గర హీటింగ్ ఎందుకు?

చలికి కాదు లెండి. పైన చెప్పిన రీహీట్‌కి, ఆరబెట్టే గదులకి. పలాసలో జీడిపప్పు తేమ 5 శాతం లోపు ఉంచాలని చూస్తారు. నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు వెళ్తే కథ తిరగబడుతుంది. పొడి గాలికి నార తెగుతుంది, అక్కడ గాలికి తేమ కలపాలి. ఒకే కంట్రోలర్, ఒకే సెన్సార్, లెక్కలో గుర్తు (ప్లస్, మైనస్) మాత్రం తలకిందులు. ఆ గుర్తు మార్చడం మరచిపోయిన ఒక చోట పొడిగా ఉన్నప్పుడు తేమ ఆగిపోయేది, తడిసినప్పుడు ఇంకా చల్లేది.

పని పూర్తయిందంటున్నారు. సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

స్క్రీన్ మీద బొమ్మలు చూసి మురిసిపోకండి. మీరే ఒక సెన్సార్ వైరు ఊడదీయండి, అలారం వస్తుందా చూడండి. మెయిన్ స్విచ్ దించి ఎత్తండి, పైన రాసిన వరుసలోనే లేస్తుందా చూడండి. చల్లని నీళ్ల వాల్వ్ మూసుకుందని స్క్రీన్ చెప్తున్నప్పుడు పైపు ముట్టుకుని చూడండి. ఏడు రోజుల ట్రెండ్ రికార్డు (కొలతలు ఎలా మారాయో చూపే గ్రాఫ్) అడగండి, గీతలు రంపంలా ఉంటే వెనక్కి పంపండి.

ప్రోగ్రామ్ కాపీ, పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి. ఒక ఆస్పత్రిలో పాస్‌వర్డ్ ఇవ్వకుండా వెళ్లిపోయిన కాంట్రాక్టర్ తర్వాత ఫోన్ ఎత్తలేదు. నేను వెళ్లి మొత్తం ప్రోగ్రామ్ మళ్లీ రాయాల్సి వచ్చింది. టైమర్‌లో ఒక గంట మార్చాలని నన్ను పిలిచారు, నాకు పట్టింది మూడు వారాలు.

మా అబ్బాయి ఈఈఈ డిప్లొమా. ఈ లైనులోకి రావచ్చా?

రావచ్చు. విజయనగరం జేఎన్‌టీయూ నుంచి, రాజాం ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు నాతో పనిచేశారు. ప్రోగ్రామింగ్ అందరికీ త్వరగానే వస్తుంది, గాలి అర్థమవ్వడానికే టైము పడుతుంది. మల్టీమీటర్ పట్టుకోవడం, సైక్రోమెట్రిక్ చార్టు (గాలిలో వేడి, తేమల లెక్క చూపే పటం) చదవడం ముందు నేర్చుకోమనండి.

నేను కొత్తవాళ్లకు ఇచ్చే మొదటి పని ఇది. రెండు మామూలు థర్మామీటర్లు కొని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, వరండాలో ఫ్యాన్ గాలికి పెట్టాలి. మే నెలలో పొడి గాలి వీచే మధ్యాహ్నం రెండింటి మధ్య తేడా రాసుకోవాలి. ఆగస్టులో వాన వెలిసిన సాయంత్రం మళ్లీ రాసుకోవాలి, అప్పుడు తేడా మూడు డిగ్రీలకు అటూ ఇటూ వస్తుంది. ఆ రెండు అంకెలూ చార్టు మీద పెట్టి, కిలో గాలిలో ఎన్ని గ్రాముల నీళ్లున్నాయో నాకు ఫోన్ చేసి చెప్పమనండి.